యెదురుచూపు యెవరి ఖాతాలో? – సింగరేణి బాయిలలో బొగ్గు మోత చరిత్ర

బొగ్గుగని కార్మికుణ్ణి గురించి మన సాహిత్యంలో వచ్చినదానిలో చాలా భాగం అతని చెమటను గురించినది. చీకటి, దుమ్ము, కూలే కప్పు, నల్లబడిన వొళ్లు – యివన్నీ కవిత్వంలోకీ కథలోకీ వచ్చాయి. రావలసినవే. కాని ఆ కార్మికుడు పని దొరకక కూర్చున్న గంటను గురించి మనం రాసింది తక్కువ. పేల్చిన బొగ్గు కుప్పగా పడివున్నది. తట్టా చెమ్మాసూ చేతిలో వున్నాయి. మనిషి సిద్ధంగా వున్నాడు. నింపడానికి ఖాళీ టబ్బు మాత్రం లేదు. ఆ గంట అతని ఆయుష్షులో ఖర్చయిపోయింది గాని, కంపెనీ లెక్కపుస్తకంలో యెక్కలేదు. ఆ గంటకు కూడా వొక చరిత్ర వున్నదనీ, గనులలో యంత్రాలు వచ్చిన కథను ఆ గంట వైపునుంచి చూస్తే వర్గసంబంధాలు మరింత స్పష్టంగా కనబడతాయనీ చూపడం యీ వ్యాసం వుద్దేశం.

ముందు సాంకేతిక విషయాన్ని తేల్చుకుందాం. గనుల యింజనీర్లు దీన్ని లోడరుకూ బండికీ జత కుదర్చడం అంటారు. పేరు కొత్తదే గాని లెక్క పాతది. పొలానికి పెంట తోలే రైతు ప్రతి వేసవిలోనూ యీ లెక్క వేస్తూనే వుంటాడు. కుప్ప దగ్గర యిద్దరు కూలీలు వొక బండిని అరగంటలో నింపుతారనుకుందాం. బండి నిండి, పొలానికి వెళ్లి, దించి, తిరిగి కుప్ప దగ్గరకు చేరి మళ్లీ నిండడానికి సిద్ధమయ్యేసరికి మొత్తం రెండు గంటలు పడుతుందనుకుందాం. అప్పుడు నాలుగు బండ్లు కావాలి. మూడు బండ్లే వుంటే కూలీలు ఖాళీగా కూర్చుంటారు. అయిదు వుంటే యెద్దులు కుప్ప దగ్గర నెమరు వేస్తూ నిలబడతాయి. యింజనీరు యిదే విషయాన్ని సూత్రంగా చెబుతాడు: బండ్ల సంఖ్యను వొక బండి నిండే కాలంతో గుణించి, వొక బండి పూర్తి తిరుగుడు కాలంతో భాగించు. వచ్చిన అంకె 1 అయితే జత కుదిరినట్లు. 1 కంటె తక్కువైతే నింపేవాడు ఆగుతాడు. యెక్కువైతే బండి ఆగుతుంది. దీనికే మ్యాచ్ ఫ్యాక్టర్ అని పేరు.

యీ సూత్రంలో తప్పేమీ లేదు. కాని అది చెప్పని విషయం వొకటి వున్నది. జత కుదరనప్పుడు యెవరు ఆగాలి? దానికి సూత్రంలో జవాబు లేదు. జవాబు రైతు జేబులో వున్నది. కూలీలకు రోజు లెక్కన యిచ్చి, బండ్లను ట్రిప్పు లెక్కన మాట్లాడుకుంటే, అతను బండ్లనే యెక్కువ పిలుస్తాడు. బండ్లకు రోజు బాడుగ యిచ్చి, కూలీలకు బండికింత అని యిస్తే, కూలీలనే యెక్కువమందిని పిలుస్తాడు. అంటే, యెవరి యెదురుచూపుకు డబ్బు చెల్లించనక్కరలేదో వారే యెదురుచూస్తారు. సింగరేణి బాయిలలో నూరేండ్లకు పైబడిన మోత చరిత్రకు యిదే తాళంచెవి అని నా అభిప్రాయం.

ఆ చరిత్ర బాయి లోపల కాదు, బాయి బయట మొదలవుతుంది. బొగ్గు వున్నంతమాత్రాన సరుకు కాదు, కదిలినప్పుడే సరుకవుతుంది. గోదావరి మీద పడవలు నడపాలని ఆర్థర్ కాటన్ కాలంనుంచి యింగ్లీషువారు చేసిన ప్రయత్నానికి గుర్తుగా భద్రాచలం యెగువన దుమ్ముగూడెం ఆనకట్ట యిప్పటికీ నిలిచివున్నది. ఆ యెగువ గోదావరి నౌకాయాన పథకాన్ని 1871 ప్రాంతంలో విడిచిపెట్టారు. దాదాపు ఆ రోజులలోనే, 1871లో, భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ యెల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. భద్రాచలం యాత్రకు వెళుతున్నవారు అడవిలో వంటకు పొయ్యిరాళ్లుగా పెట్టిన నల్లరాళ్లు రాజుకోవడంతో బొగ్గు బయటపడిందని ఆ ప్రాంతంలో వొక కథ చెప్పుకుంటారు. కథ కథే గాని, అందులో వొక సామాజిక సత్యం వున్నది: ఆ అడవి దారిని వెళ్లే మనుషులకు కనబడిన రాయికి దొర పుస్తకంలో యెక్కిన తర్వాతే విలువ వచ్చింది. ఆ మనుషుల పేర్లు యెవరికీ తెలియవు. బొగ్గుపొరకు మాత్రం కింగ్ సీమ్ అని పేరు నిలిచిపోయింది. దానికి తోడు మరొక పొర క్వీన్ సీమ్ అయింది.

గుర్తించిన బొగ్గు పదిహేడు పద్ధెనిమిదేండ్లు భూమిలోనే యెదురుచూసింది. దానికి రైలు కావాలి. నిజాం రాజ్యంలో రైలు మార్గాన్ని లండన్ కంపెనీకి అప్పగించే వొప్పందం 1883లో జరిగింది. చాందా రైల్వే వివాదంగా ప్రసిద్ధికెక్కిన ఆ వ్యవహారాన్ని ప్రశ్నించినందుకే సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను హైదరాబాదునుంచి బహిష్కరించారు. ఆ వొప్పందంలో రైల్వే పెట్టుబడికి 5 శాతం రాబడిని నిజాం ఖజానా గ్యారంటీ చేసింది. యిక్కడ మనం కొంచెం ఆగి చూడాలి. రైలు నిండా సరుకు వున్నా లేకపోయినా, పట్టాల మీద పెట్టెలు కదిలినా కదలకపోయినా, పెట్టుబడికి మాత్రం రాబడి వస్తుంది. అంటే, పెట్టుబడి యెదురుచూపుకు మొదటిరోజునుంచే కూలి ముట్టింది. దాన్ని చెల్లించినది రైతుల శిస్తుతో నిండిన ఖజానా.

హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో గనుల హక్కులు పొందింది. ఆ హక్కుల వెనక నడిచిన వాటాల వ్యాపారం యెంత దుర్గంధంగా వున్నదంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటే వొక విచారణ సంఘాన్ని వేయవలసివచ్చింది. డోర్నకల్లునుంచి యెల్లందుకు రైలు శాఖ పడింది. 1889లో బొగ్గు తవ్వకం మొదలయింది. కారేపల్లి దగ్గరి సింగరేణి గ్రామం పేరు గనులకు స్థిరపడింది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడింది. 1937లో కొత్తగూడెం బాయిలు మొదలయ్యాయి. కొత్తగూడెం రైలు స్టేషనుకు యీనాటికీ భద్రాచలం రోడ్ అనే పేరు. పేరు దేవునిది, పట్టాలు బొగ్గువి. 1945లో నిజాం ప్రభుత్వం అధికభాగం వాటాలు కొన్నది. 1956లో ఆ పెత్తనం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి వచ్చింది. 1960నుంచి కేంద్రం కూడా భాగస్వామి అయింది. యజమానులు యిన్నిసార్లు మారారు. బాయి లోపల మోత పద్ధతి మారడానికి మాత్రం అంతకంటె యెక్కువ కాలం పట్టింది.

ఆ పద్ధతి యేమిటో చూద్దాం. మన బాయిలలో తరతరాలుగా నడిచింది గదులూ స్తంభాల పద్ధతి. బొగ్గుపొరలో యేటవాలుగా డిప్పులూ, అడ్డంగా లెవెళ్లూ తవ్వుకుంటూ పోతారు; మధ్యలో బొగ్గు స్తంభాలను వదులుతారు; చివరకు ఆ స్తంభాలను కూడా తీసుకుంటూ వెనక్కు వస్తారు. ఫేసులో డ్రిల్లు వేసి, మందు పెట్టి పేలుస్తారు. పొగ పోయిన తరువాత సర్దారు కప్పును తట్టి చూస్తాడు. టింబర్‌మన్ దిమ్మెలు నిలుపుతాడు. అప్పుడు కోల్ ఫిల్లర్లు వస్తారు. చెమ్మాసుతో తట్ట నింపి, తట్టను నెత్తికెత్తుకుని టబ్బు దాకా మోస్తారు. టబ్బు అంటే పట్టాలమీద నడిచే, సుమారు వొక టన్ను పట్టే యినుప తొట్టి. ట్రామర్లు దాన్ని తోస్తారు. క్లిప్‌మన్ దాన్ని తాడుకు తగిలిస్తాడు. హాలరు యింజను ఆ తాడును లాగుతుంది. నిండినవి పైకి, ఖాళీలు కిందికి. యీ గొలుసులో యే కన్నె జారినా ఫిల్లరు దగ్గరకు ఖాళీ రాదు. తాడు తెగినా, టబ్బు పట్టా తప్పినా, పైన వాగన్లు లేక బంకరు నిండినా, దాని ఫలితం చివరకు ఫేసులో నిలబడినవాడికే తగులుతుంది.

ఫిల్లరుకు కూలి టబ్బు లెక్కన. యిప్పుడు వొక వూహాలెక్క వేద్దాం. ఆరుగురు ఫిల్లర్ల ముఠా పది నిమిషాలకు వొక టబ్బు నింపగలదు. షిఫ్టులో దిగడం, నడవడం, పేల్చడం, పొగపోవడం మినహాయిస్తే 360 నిమిషాలు మిగిలాయి. ముఠా శక్తి 36 టబ్బులు. హాలరు తెచ్చినవి 24. నింపడానికి పట్టింది 240 నిమిషాలు. మిగిలిన 120 నిమిషాలు ఆరుగురూ చీకట్లో కూర్చున్నారు. అంటే, వొక్క షిఫ్టులో వొక్క ముఠావి 12 మనిషిగంటలు. కంపెనీ 24 టబ్బులకే చెల్లించింది. ఆ 12 గంటలు దానికి వూరకే వచ్చాయి. యిలాంటి యేర్పాటులో మేనేజరు యేమి చేస్తాడు? మరికొన్ని టబ్బులూ, మరొక హాలరూ కొనడానికి డబ్బు కావాలి. మరికొందరు ఫిల్లర్లను దింపడానికి అదనపు ఖర్చు దాదాపు లేదు. కాబట్టి ఖాళీ వచ్చిన మరుక్షణం నింపడానికి యెప్పుడూ మనుషులు సిద్ధంగా వుండేటట్లు చూస్తాడు. టబ్బు ఆగకూడదు, మనిషి ఆగవచ్చు. సూత్రం తెలియకుండానే అతను సూత్రాన్ని పాటించాడు.

యీ వరస బాయి లోపలితో ఆగలేదు. బాయి గడపలో బదిలీ ఫిల్లర్లు నిలబడేవారు. యెవరైనా నాగా అయితే ఆ చోటు దొరుకుతుంది. లేకపోతే మస్టరు దగ్గరనుంచి యింటికి తిరుగుముఖం. మార్క్స్ చెప్పిన పారిశ్రామిక రిజర్వు సైన్యాన్ని వెతకడానికి మనం గణాంక గ్రంథాలు తిప్పనక్కరలేదు. షిఫ్టు మారే వేళకు బాయి గేటు దగ్గర చూస్తే చాలు. ముక్కకూలి పెట్టుబడిదారీ వుత్పత్తికి అత్యంత అనుకూలమైన కూలిరూపమని ఆయన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో వొక ప్రత్యేక అధ్యాయంలోనే నిరూపించాడు. అదే గ్రంథంలో 1866నాటి బ్రిటిష్ గనుల విచారణను పరిశీలిస్తూ, దొంగతూకాల మీద, దొంగ కొలతల మీద గని కార్మికుల ఫిర్యాదులను పేర్కొన్నాడు. తూకం దగ్గర తమ తరఫు మనిషిని నిలబెట్టుకునే హక్కుకోసం ఆ కార్మికులు పోరాడారు. నింపిన బొగ్గు తూకాన్ని కాపాడుకోవడం వొక పోరాటం. నింపలేకపోయిన గంటను లెక్కలోకి తేవడం మరొక పోరాటం. రెండవది మొదటిదానికంటె కష్టం. తూకానికి రాయి వున్నది, యెదురుచూపుకు రాయి లేదు.

సింగరేణిలో ఆ రెండవ పోరాటం కార్మిక సంఘం పుట్టుకతోనే మొదలయిందని చెప్పాలి. 1940లలో కమ్యూనిస్టులు యిక్కడ సంఘాన్ని కట్టారు. మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ వంటి నాయకులు 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెసును నిలబెట్టారు. గని కార్మికుల నాయకుడు దేవూరి శేషగిరిరావు సాయుధ పోరాట కాలంలో ప్రాణాలర్పించాడు. కొత్తగూడెంలోని సంఘ కార్యాలయం ఆయన పేరనే శేషగిరి భవన్‌గా నిలిచివున్నది. తరవాతి కాలంలో దేశంలోని బొగ్గుగనులన్నింటికీ వర్తించిన తీర్పులూ – 1956నాటి మజుందార్ ట్రిబ్యునల్ అవార్డు, 1967నాటి వేజి బోర్డు సిఫార్సులు, 1975 జనవరి 1నుంచి అమలైన మొదటి జాతీయ వేతన వొప్పందం – చదివితే వొక విశేషం కనబడుతుంది. వాటిలో బొగ్గు మోసే దూరానికీ, యెక్కే యెత్తుకూ ‘లీడ్, లిఫ్ట్’ అని వేరే లెక్క వున్నది. టబ్బు తోసినందుకు వేరే లెక్క వున్నది. తన తప్పు లేకుండా పని దొరకని ముక్కకూలివానికి ‘ఫాల్‌బ్యాక్ వేజి’ అనే కనీసపు హామీ వున్నది. సాహిత్య విద్యార్థులు యీ పత్రాలను శుష్కమైనవని పక్కన పెడతారు. నేను తరగతిలో వాటిని కూడా చదవమంటాను. అడుగుకు యింత, గజానికి యింత అని రాసిన ప్రతి పంక్తి వెనకా, అంతవరకు వూరకే పోయిన శ్రమను కార్మికులు లెక్కలోకి లాగిన కథ వున్నది. యెదురుచూపుకు మొదటిసారి వొక ధర పెట్టినది ఆ ఫాల్‌బ్యాక్ వేజి. ఆ ధర తక్కువే. కాని సున్నాకూ కొంచెంకూ మధ్యవున్న తేడా చిన్నది కాదు.

యిప్పుడు యంత్రం వస్తుంది. స్వాతంత్ర్యం తరువాతి తొలి దశాబ్దాలలోనే కొన్ని లోడింగు యంత్రాలను సింగరేణిలో ప్రయత్నించినా, తట్టాచెమ్మాస్ పనిని కదిలించినవి 1970ల చివరనుంచి, ముఖ్యంగా 1980లలో, వచ్చిన రెండు యంత్రాలు. వొకటి యస్.డి.యల్. – బొగ్గును బకెట్టుతో యెత్తి పక్కకు పోసేది. రెండవది యల్.హెచ్.డి. – యెత్తుకుని, తానే నడిచి, కొంత దూరాన పోసి వచ్చేది. యస్.డి.యల్. బకెట్టు సుమారు వొక ఘనమీటరు, యల్.హెచ్.డి.ది దానికంటె పెద్దది. యీ యంత్రం ఫేసులోకి దిగిన రోజునే వొక విచిత్రం జరిగింది. యస్.డి.యల్. వొకటి రెండు బకెట్లు పోసేసరికి టబ్బు నిండిపోతుంది. తరువాత ఆ టబ్బును తోసి మరొక ఖాళీని తెచ్చేదాకా యంత్రం ఆగాలి. నిన్నటిదాకా ఫిల్లరు కూర్చున్న చోటనే యీనాడు యంత్రం కూర్చున్నది. తేడా యేమిటంటే, ఫిల్లరు కూర్చుంటే పని బద్ధకమన్నారు. యంత్రం కూర్చుంటే సమస్య అన్నారు.

సమస్య కాబట్టి శాస్త్రం వచ్చింది. గడియారం చేతపట్టుకుని యంత్రం పనిచేసిన నిమిషాలు, ఆగిన నిమిషాలు, ఆగడానికి కారణాలు వరసగా రాశారు. బకెట్టుకూ తొట్టికీ, తొట్టికీ తాడుకూ, తాడుకూ బంకరుకూ మధ్య పొత్తు చూశారు. టబ్బులతో యీ యంత్రానికి జత కుదరదని తేలింది. టబ్బు స్థానంలో చైన్ కన్వేయరు, దాని వెనక బెల్టు కావలసివచ్చింది. యల్.హెచ్.డి.కి మరొక లెక్క: అది కరెంటుతీగను వెంట యీడ్చుకుంటూ తిరుగుతుంది గనుక, తీగ పొడవు దాని సంచారానికి హద్దు, ఫేసు ముందుకు పోయినకొద్దీ దాని నడక పెరిగి, గంటకు పోసే బకెట్లు తగ్గుతాయి. కాబట్టి కన్వేయరును వెనువెంటనే ముందుకు జరపాలి. వొక యంత్రాన్ని మార్చినవాడు దాని వెనక వున్న గొలుసునంతా మార్చక తప్పదు. చిన్న గనులకు యిది పెద్ద భారం. లోహపు గనులలో డీజిలు ట్రక్కులు వాడేచోట మరొక హద్దు కూడా వున్నది. దారి వొంటిదారి, యెదురుపడితే వొకటి పక్క గూటిలో ఆగాలి. పైగా ప్రతి డీజిలు యింజనుకూ గాలి కావాలి. కాగితం మీద ఆరవ ట్రక్కు లాభమని తేలినా, ఫ్యాను పంపే గాలి అయిదింటికే సరిపోతే ఆరవ ట్రక్కు మోసేది లోహపురాయి కాదు, కార్మికుల వూపిరి.

నేను యంత్రానికి వ్యతిరేకిని కాను. నెత్తిమీద తట్ట పోవలసిందే. దాన్ని కష్టజీవి గౌరవ చిహ్నంగా అలంకరించి పొగిడే సాహిత్యం కార్మికునికి మేలు చేయదు. నా ప్రశ్న వేరు. ఖాళీ టబ్బు రాక ముఠాలకు ముఠాలు కూర్చున్న ఆ తొంభైయేండ్లలో గడియారం పట్టుకుని నిలబడినవాడు యెవడూ యెందుకు లేడు? లోడరుకూ మోతబండికీ జత కుదర్చవలసిన అవసరం అప్పుడూ వున్నది. నింపేవాడూ వున్నాడు, తొట్టీ వున్నది, తాడూ వున్నది. లేనిది వొక్కటే: ఆగిపోయిన లోడరు మీద వడ్డీ. యంత్రం అప్పుతో వచ్చింది. అది ఆగిన నిమిషానికి కూడా బ్యాంకుకు చెల్లించాలి. నిజాం రోజులలో రైల్వే పెట్టుబడికి దొరికిన గౌరవమే యిప్పుడు యంత్రానికి దొరికింది. యెదురుచూపు తానుగా శాస్త్రీయ సమస్య కాలేదు; పెట్టుబడి యెదురుచూడవలసివచ్చినప్పుడు అయింది.

ప్రపంచ చరిత్ర కూడా యీ మాటనే బలపరుస్తున్నది. అమెరికాలో బెత్లెహేం వుక్కు కర్మాగారపు ఆవరణలో టేలర్ పారలమీద పరిశోధన చేశాడు. పారకు 21 పౌన్ల బరువు పడితే మనిషి రోజంతా యెక్కువ పని చేయగలడని తేల్చి, బరువైన ఖనిజానికి చిన్న పార, తేలికైన సరుకుకు పెద్ద పార యేర్పాటు చేశాడు. లోడరును సరుకుకు జతపరచడం యిదే. లోడరు మాత్రం మనిషి. 400 నుంచి 600 మంది చేసే పనిని 140 మందితో చేయించానని ఆయనే 1911లో ప్రకటించాడు. ఆ మిగిలినవారు యేమయ్యారన్నది ఆయన శాస్త్రం పరిధిలోకి రాలేదు. లెనిన్ 1914లో టేలర్ పద్ధతిని మనిషిని యంత్రానికి బానిసను చేసే పద్ధతిగా విమర్శించాడు. 1918లో, అధికారం కార్మికవర్గం చేతికి వచ్చిన తరువాత, అందులోని శాస్త్రాన్ని నేర్చుకోవాలన్నాడు. రెండు మాటలకూ వైరుధ్యం లేదని మనం చెప్పుకుంటూ వచ్చాము. అయితే అనుభవాన్ని కూడా పరిశీలించాలి.

1935 ఆగస్టు 31న దోన్‌బాసులో స్తఖానోవ్ వొక్క షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తీశాడు. నిర్ణీత మోతాదు 7 టన్నులు. మనం దాన్ని వీరగాథగా చదివాము. నిజానికి అది పనివిభజన గాథ. అంతకుముందు బొగ్గు కొట్టేవాడే ఆగి దిమ్మెలు కూడా నిలుపుకునేవాడు. ఆ రాత్రి అతని వెనక దిమ్మెలు నిలపడానికి యిద్దరు మనుషులున్నారు. అతను ఆగనక్కరలేకుండా ముందూ వెనకా అన్నీ జతపరిచారు. అది గొప్ప పాఠమే. కాని ఆ పాఠంలోంచి తరువాతి సంవత్సరంలో వచ్చినది అందరి మోతాదులనూ పెంచడం. వెనక నిలబడిన యిద్దరి పేర్లు పోస్టర్ల మీదకు రాలేదు. సోషలిస్టు వ్యవస్థలో కూడా టన్నే యేకైక కొలత అయినప్పుడు, దిమ్మె నిలిపేవాడు లెక్కలోంచి జారిపోతాడని యిది హెచ్చరిస్తున్నది.

దిమ్మె గురించి యింతగా యెందుకు చెబుతున్నానంటే, యీ జత కుదర్చే శాస్త్రంలో ప్రాణాలకు సంబంధించిన భాగం అదే. జోలా 1885లో ‘జెర్మినల్’ నవలలో సమ్మెకు కారణంగా తీసుకున్నది యీ విషయాన్నే. బొగ్గు లెక్కనే కూలి వస్తుంది గనుక గని కార్మికులు దిమ్మెలు సరిగా నిలపడం లేదని కంపెనీ ఆరోపిస్తుంది. దిమ్మెలకు వేరే కూలి యిస్తామని చెప్పి, ఆ పేరుతో టబ్బు ధర తగ్గిస్తుంది. కార్మికులు లెక్క వేసుకుని చూస్తే మొత్తంమీద నష్టమే. వొక నవలాకారుడు యీ కూలిలెక్కను కథకు వెన్నెముకగా చేయగలిగాడంటే, లెక్క సాహిత్యానికి బయటిది కాదని మనం గ్రహించాలి.

మన యింక్లయిన్లకు వద్దాం. పేల్చిన తరువాత పొగపోవడానికీ, సర్దారు కప్పు చూడడానికీ, వదులుగా వున్న పెచ్చులు రాల్చడానికీ, ఆధారాలు నిలపడానికీ కొంతసేపు పడుతుంది. ఆ సేపు మనుషులను దూరంగా వుంచాలని 1957నాటి బొగ్గుగనుల నిబంధనలూ, వాటి స్థానంలో వచ్చిన 2017నాటి నిబంధనలూ కోరుతున్నాయి. యిప్పుడు యంత్రం ఆగిన నిమిషాల పట్టిక చూడండి. టబ్బు లేక ఆగినది వొక గడి. కరెంటు పోయి ఆగినది వొక గడి. కప్పు సరిచేయడానికి ఆగినది కూడా వొక గడి. మూడింటికీ శీర్షిక వొకటే: నష్టకాలం. యిక్కడే ప్రమాదం వున్నది. మొదటి రెండూ తగ్గించవలసినవి. మూడవది తగ్గించవలసినది కాదు. అది మనిషి బతకడానికి పట్టే కాలం. లోడరు వేగం పెరిగి, ఆధారం వేసే వేగం పెరగకపోతే, ఆధారం లేని కప్పు యెక్కువవుతుంది. లేదా లోడరు ఆగుతుంది. ఆగడమే న్యాయం. అసలు జత కుదర్చవలసినది లోడరుకూ బండికీ కాదు, లోడరుకూ టింబర్‌మన్‌కూ. గని మొత్తం వేగాన్ని కప్పు నిలిపేవాని చేతివేగం నిర్ణయించాలి. 2006లో కొత్తగూడెం వెంకటేశ్ ఖని 7వ యింక్లయినులో ప్రవేశపెట్టిన కంటిన్యూయస్ మైనరు కూడా దీనికి అతీతం కాదు. అది తానే కోసి, తానే యెత్తి, షటిలు కార్లలో పోస్తుంది. అయినా వొక కోత పూర్తికాగానే వెనక్కు తగ్గి, బోల్టులు వేసేవారికి చోటు యివ్వవలసిందే. యెంత పెద్ద యంత్రమైనా కప్పు కింద చిన్నదే.

1992లో, మళ్లీ 1996లో కంపెనీ ఖాయిలా పరిశ్రమగా బి.ఐ.యఫ్.ఆర్. ముందుకు వెళ్లింది. తరువాత యంత్రీకరణ వేగం పెరిగింది. తట్టాచెమ్మాస్ పని క్రమంగా తొలగిపోయింది. 1990ల ఆరంభంలో లక్ష దాటిన పర్మనెంటు కార్మికులు యీనాడు నలభైవేల దరిదాపుకు వచ్చారు. ఉత్పత్తిలో అధికభాగం ఓపెన్‌కాస్టులనుంచి వస్తున్నది. అక్కడ షవలూ డంపర్లూ జతకావాలి. సూత్రం అదే, తొట్టి మాత్రం పదుల టన్నులది. పైమట్టి తీసే పని కాంట్రాక్టర్లది. బొగ్గు మోసే లారీలు అడవి వూళ్ల మధ్యనుంచి పోతాయి. యిక్కడ పాత ప్రశ్న కొత్త వేషంలో ముందుకు వస్తున్నది. ట్రిప్పు లెక్కన కూలి పుచ్చుకునే డ్రైవరు లోడింగు వరసలో నిలబడిన గంట యెవరి ఖాతాలో వున్నది? వరసలో పోయిన కాలాన్ని రోడ్డు మీద వేగంతో పూడ్చుకోవాలని అతను తొందరపడితే, ఆ తొందర వెల వూళ్లలో రోడ్డు దాటే మనుషులు చెల్లించవలసి వుంటుంది. ఫిల్లరు పోయాడు గాని, ఫిల్లరు యెదురుచూపు పోలేదు. అది బాయిలోంచి పైకి యెక్కి వచ్చింది.

దీనినుంచి మనం యేమి నేర్చుకోవాలి? సూత్రాలను తిరస్కరించడం కాదు. వాటిని పూర్తిచేయమని అడగాలి. యంత్రం ఆగిన నిమిషాలను రాసే పట్టికలోనే మనిషి ఆగిన నిమిషాలనూ రాయాలి. వాటికీ పూర్తి కూలి కట్టాలి. అట్లా కడితే, జత కుదర్చడానికి యాజమాన్యమే తొందరపడుతుంది. ఇన్నాళ్లూ తొందరపడనిది అందుకు అవసరం లేకనే. కప్పు సరిచేసే కాలాన్ని నష్టకాలపు శీర్షిక కిందనుంచి తీసి, ఉత్పత్తి కాలంలో చేర్చాలి. ముక్కకూలి, ట్రిప్పుకూలి వున్నచోటల్లా యెదురుచూపుకు ధర వుండాలి. యివి కార్మిక సంఘాల డిమాండ్లు మాత్రమే కావు. చరిత్ర పాఠం చెప్పే అధ్యాపకులూ, చదివే విద్యార్థులూ తమ వూరి మిల్లులో, యార్డులో, హమాలీ అడ్డాలో యెవరు ఆగుతున్నారో, ఆ ఆగడానికి యెవరు చెల్లిస్తున్నారో లెక్కతీసి రాయవచ్చు. ఆ లెక్కకు గడియారం, కాగితం, కొంచెం వోపిక కావాలి. గని యాజమాన్యాలు యంత్రాలకోసం వుపయోగించిన పనిముట్లు అవే. వాటిని మనుషులకోసం మనం చేతపట్టుకోవలసివున్నది.